మట్టి సందేహాలు: కుండీ అంచున తెల్ల పొర

ప్రశ్న: కె.ఆర్.పురంలో మా మిద్దెతోటకు ఇది మూడో ఏడు. కుండీల్లో మట్టి గట్టిపడింది, అంచున తెల్ల పొర కట్టింది. నీళ్లు పోస్తే అంచుల వెంట జారిపోతున్నాయి. టమాటా లేత ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నెలనెలా వర్మీకంపోస్టు వేస్తున్నాం, బోరు నీళ్లు పోస్తున్నాం. ఇంకే ఎరువు వెయ్యాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఎరువు సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడండి. కుండీ అంచున తెల్లగా పేరుకున్నది గోటితో గీకితే పొడిలా రాలుతోందా? అది బోరు నీటి ఉప్పు. బెంగళూరు ఎర్రమట్టి సాధారణంగా కాస్త పులుపు గుణంతోనే ఉంటుంది. బోరు నీటిలోని బైకార్బొనేట్లు రోజూ కొంచెం కొంచెంగా దాని పీహెచ్‌ను (పులుపు, క్షార గుణాల కొలత; పెరిగితే పులుపు తగ్గినట్టు) పెంచుతాయి. 7.5 దాటిందంటే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. లేత ఆకులు పసుపెక్కేది అందుకే. ఇదే లక్షణం ముదురు ఆకుల్లో మొదలైతే మెగ్నీషియం లోపం అనుకోవాలి.

అనుమానం తీరాలంటే 20 గ్రాముల మట్టిని 50 మిల్లీలీటర్ల వాననీటిలో కలిపి, అరగంట మధ్యమధ్య తిప్పి, పీహెచ్ కాగితంతో చూడండి.

మట్టి బాగా ఎండితే, అందులోనూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఉంటే, నీటిని పీల్చుకోదు. పైనుంచి ఎంత పోసినా దండగే. కుండీని టబ్బు నీళ్లలో అరగంట ఉంచి, అడుగు నుంచి తడవనివ్వండి. తర్వాత కుండీ పరిమాణానికి రెండింతల వాననీరు, అంటే 15 లీటర్ల కుండీకి 30 లీటర్లు, నెమ్మదిగా పోసి ఉప్పును కడిగేయండి. అడుగు రంధ్రాలు వేళ్లతో మూసుకుపోతే ఈ శ్రమంతా వృథా. కుండీని రెండు ఇటుకలపై నిలబెడితే నీరు సాఫీగా పోతుంది.

ఆకులు కోలుకోవడానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఇనుము లవణం), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారం తర్వాత మరోసారి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఇది తాత్కాలిక ఉపశమనమే. వాననీరు పట్టుకోవడమో, కావేరి నీళ్లు వచ్చే రోజు తొట్టి నింపుకోవడమో చేయకపోతే ఏడాదిలో మళ్లీ ఇదే కథ.

వర్మీకంపోస్టు నెలనెలా అక్కర్లేదు, అందులోనూ లవణాలుంటాయి. పంట మారినప్పుడు పిడికెడు చాలు.

ప్రశ్న: ఆనేకల్ దగ్గర అర ఎకరం ఎర్రనేల. వాన పడ్డాక పైన పెచ్చు కట్టి మొలకలు రావడం లేదు. జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం) సరిపోతుందా?

జవాబు: సరిపోదు. జీవామృతం సూక్ష్మజీవులను పెంచుతుందంటారు గానీ, వాటికి తినడానికి సేంద్రియ పదార్థం కావాలి కదా. తొలకరికి అర ఎకరానికి 6 కిలోల జనుము చల్లి, 40–45 రోజుల్లో పూత మొదలవగానే కలియదున్నండి. ఆలస్యమైతే కాడలు పీచుబారి కుళ్లవు, పైగా కుళ్లే క్రమంలో నేలలోని నత్రజనిని లాగేస్తాయి. దున్నాక రెండు మూడు వారాలు ఆగి విత్తండి. సాళ్ల మధ్య గడ్డి పరిస్తే చినుకు దెబ్బ నేరుగా నేలకు తగలదు, పెచ్చు కట్టదు.