తొలి వేసవికి ఒక చిన్న పెరడు

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఈ మధ్యే పెళ్ళయింది. ఏప్రిల్‌లో న్యూజెర్సీలో ఉన్న మావారి దగ్గరికి వెళ్తున్నాను. హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకో, భర్తకో ఇచ్చేది) కావడం వల్ల ఇప్పట్లో ఉద్యోగం చేసే వీలు లేదు. అద్దె ఇంటి వెనుక చిన్న పెరడు ఉందట. ఆయన ఆఫీసుకు వెళ్ళాక రోజంతా ఒక్కదాన్నే ఎలా గడపాలా అని ఇప్పటి నుంచే దిగులుగా ఉంది. అమ్మ మేడ మీద కూరగాయలు పండిస్తుంది. ఆ విత్తనాలు పట్టుకెళ్ళి అక్కడ వేసుకోమంటోంది. తీసుకెళ్ళవచ్చా? అక్కడ మన మొక్కలు బతుకుతాయా, అక్కా?

జవాబు: బతుకుతాయమ్మా. చక్కగా కాస్తాయి కూడా. ఈ జవాబు పెదవాల్తేరులో మా పుట్టింటి వరండాలో కూర్చుని రాస్తున్నాను. చలికాలంలో నేను విశాఖ వచ్చినప్పుడల్లా ఇలా ప్రయాణానికి సిద్ధమవుతున్న ఆడపిల్లలు ఎవరో ఒకరు కనిపిస్తారు. సూట్‌కేసులో ఏం సర్దుకోవాలని అందరూ అడుగుతారు కానీ, వెళ్ళాక పగలు ఎలా గడుస్తుందని అడిగేవాళ్ళు తక్కువ. మీరు అడిగారు కాబట్టి వివరంగా చెబుతాను.

విశాఖలో పుట్టి పెరిగిన మనకు వేసవి అంటే తలుపులు మూసుకునే కాలం. మే నెలలో మేడ మీద మీ అమ్మగారు చేసే పని ఏమిటో తలచుకోండి. గ్రీన్ నెట్ కట్టి, రెండు పూటలా నీళ్ళు పోసి, ఉన్న మొక్కల ప్రాణం నిలబెట్టుకోవడమే. కొత్త విత్తనం సంగతి తొలకరి పడ్డాకే. ఉక్కపోతకు మనుషులు కూడా సాయంత్రం సముద్రపు గాలి తగిలే దాకా గడప దాటరు. ఆ అలవాటుతోనే మనవాళ్ళు అక్కడికి వెళ్ళి, తొలి వేసవిలో కిటికీ తెరలు దించుకుని, ఫోనులో మన ఊరి ముచ్చట్లు చూస్తూ పగళ్ళు గడిపేస్తారు. అక్టోబరు వచ్చి చలి మొదలయ్యాక తెలుస్తుంది, బయట తిరిగే కాలం కాస్తా అయిపోయిందని. మీరు అలా చేయకండి.

అక్కడ వేసవి వెలుతురు కాలం. జూన్ మూడో వారంలో విశాఖలో పగలు 13 గంటల పైచిలుకు ఉంటే, న్యూజెర్సీలో దాదాపు 15 గంటలు ఉంటుంది. ఇక్కడ ఆరున్నరకు పొద్దుగూకుతుంది, అక్కడ ఎనిమిదిన్నర దాకా కూకదు. మీవారు ఇంటికి వచ్చి, మీరిద్దరూ భోజనం చేశాక కూడా పెరట్లో ఇంకా వెలుతురు ఉంటుంది. మీ తోట ఆ వెలుతురు కోసం. కూరగాయల ఖర్చు మిగులుతుందని లెక్కలు వేసుకుంటే మట్టికి, ఎరువుకు, కర్రలకు పెట్టిన డబ్బు చూసి మొదటి ఏడాదే విసుగు పుడుతుంది.

ఇక విత్తనాల మాట. ఊరగాయ జాడీల మధ్య విత్తనాల పొట్లాలు దాచి పంపే అమ్మలు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. వద్దని మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి. విత్తనాలు అమెరికాలోకి తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో, ముందుగా తీసుకున్న అనుమతో ఉండాలి. మట్టి అంటిన వేరు, దుంప తేకూడదు. చెప్పకుండా తెచ్చి దొరికితే పారేయడంతో పాటు జరిమానా కూడా వేస్తారు. కరివేపాకు మీద మరీ పట్టుదలగా ఉంటారు. నిమ్మ, నారింజ చెట్లను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేప మీద కూడా బతుకుతుంది మరి. ఆ తెగులు వల్ల ఫ్లోరిడాలో నారింజ తోటలు ఎంత దెబ్బతిన్నాయో తెలిస్తే ఆ నిబంధన మీద మనకు కోపం రాదు.

తేవలసిన అవసరం కూడా లేదు. వసంతం రాగానే అక్కడి ఇండియన్ దుకాణాల్లో బీర, సొర, కాకర, బెండ, గోంగూర విత్తనాలు దొరుకుతాయి. అక్కడ కొన్న మెంతులు చల్లితే మెంతికూర వస్తుంది, ధనియాలు రెండు బద్దలు చేసి చల్లితే కొత్తిమీర వస్తుంది. కూరకు తెచ్చిన బచ్చలి కట్టలో రెండు ముదురు కాడలు, పుదీనాలో నాలుగు కాడలు గ్లాసు నీళ్ళలో నిలబెడితే కొద్ది రోజుల్లోనే వేళ్ళు వేస్తాయి. పుదీనాను మాత్రం కుండీలోనే ఉంచండి. నేలలో వేస్తే పెరడంతా పాకుతుంది.

మీరు ఏప్రిల్‌లో దిగుతారు. ఎండ చూసి తొందరపడకండి. సింహాచలంలో చందనోత్సవం జరిగే రోజుల్లో కూడా అక్కడ కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి వేస్తుంది. మే నెల రెండో ఆదివారం, అంటే అక్కడ మదర్స్ డే, దాటాక గానీ లేత మొక్కలు బయట నాటరు. మన మొక్కలకు నేల కూడా వేడెక్కాలి. బెండకు, గోంగూరకు మే చివరి వారం ఇంకా మేలు. బీర, సొర గింజలను మాత్రం ఏప్రిల్ నెలాఖరున ఇంట్లో కిటికీ దగ్గర కాగితపు కప్పుల్లో వేసి పెట్టుకోండి. తీగజాతి మొక్కలకు వేరు కదిలితే పడదు కాబట్టి నాటేటప్పుడు కప్పు అడుగు చింపి అలాగే నేలలో దించేయండి. మొలకను నేరుగా ఎండలో పెట్టకుండా వారం పాటు రోజూ కొద్ది గంటలు బయట ఉంచి అలవాటు చేయాలి.

అద్దె ఇల్లు అన్నారు కాబట్టి ముందు ఇంటివారి అనుమతి తీసుకోండి. తవ్వే ముందు 811 నంబరుకు ఫోను చేస్తే గ్యాసు గొట్టాలు, కరెంటు తీగలు భూమిలో ఎక్కడున్నాయో వచ్చి ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే పాత రంగుల్లోని సీసం గోడ పక్క మట్టిలో కలిసి ఉండవచ్చు. రట్‌గర్స్ విశ్వవిద్యాలయం వారు కొద్దిపాటి రుసుముకు మట్టి పరీక్ష చేస్తారు. ఇవన్నీ కుదరకపోతే అడుగున రంధ్రాలు చేసిన పెద్ద బకెట్లు నాలుగు చాలు. మేడ మీద కుండీల్లో పెంచిన ఇంటి నుంచి వెళ్తున్న మీకు ఆ విద్య నేను చెప్పాలా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఊరి పచ్చదనాన్నంతా ఊడ్చేశాక కూడా మళ్ళీ మట్టి మోసుకెళ్ళి మేడల మీద తోటలు నిలబెట్టిన తల్లులు మనవాళ్ళు.

మొదటి ఏడాది ఆరేడు రకాలు దాటవద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. మనవాళ్ళు కొందరు ఇరవై రకాలు వేసి, ఎవరి సొరకాయ పొడుగో ఫోటోలు పంచుకుంటూ, వారాంతమంతా కలుపు తీతతో నడుము పట్టేసి కూర్చుంటారు. మీకు తోటకూర ఒకటి, నెల తిరిగేసరికి కోతకు వచ్చి ధైర్యం ఇస్తుంది. గోంగూర తప్పకుండా వేయండి. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్ళూ అది పూత పూయకుండా ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది. పగలు తగ్గాక గానీ మొగ్గ వేయదు. నాలుగు బెండ, రెండు టమాటా, కుండీలో పచ్చిమిరప. కొత్తిమీర ఏప్రిల్‌లో ఒకసారి, మళ్ళీ ఆగస్టు చివర ఒకసారి చల్లండి, నడి వేసవిలో వేస్తే వెంటనే పూతకు వస్తుంది. వీటితో పాటు కంచె పక్కన ఒక బీర పాదు.

బీర గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, దాన్ని చూస్తూ కూర్చోవడమే ఒక విశ్రాంతి కాబట్టి. జూలైలో తీగ కంచెనంతా అల్లుకుంటుంది కానీ ముందు మగపూలే వస్తాయి. కాయలేదని పీకేయకండి. ఆడపూలు ఆగస్టులో ఊపందుకుంటాయి. బీరపువ్వు ఎండ వాలాక విచ్చుకుంటుంది. అప్పటిదాకా బిగించి ఉన్న మొగ్గ మెల్లగా సడలి, పసుపు రేకులు ఒక్కొక్కటిగా వెనక్కి వాలుతాయి. దగ్గరికి వెళ్తే సన్నని తీపి వాసన. మగపూలు ఒకే కాడకు గుత్తిగా ఉంటాయి. ఆడపువ్వు ఒంటరిది, దాని అడుగున వేలెడు పొడవున, గీతలతో సహా పిందె అప్పటికే ఉంటుంది. ఆ వేళకు తేనెటీగలు చాలావరకు గూటికి వెళ్ళిపోయి ఉంటాయి. కాబట్టి ఒక మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెత్తగా అద్దండి. రెండు మూడు రోజుల్లో పిందె పచ్చగా నిగనిగలాడుతూ కిందికి దిగితే నిలిచినట్లే. పసుపుపచ్చగా మారితే రాలిపోతుంది. దీనికి పట్టేది పావుగంట. ఆ పావుగంటలో మీకు మరో ఆలోచన రాదు. ఫోను లోపల పెట్టి వెళ్ళండి. పాదు పక్కన రెండు కుర్చీలు వేసుకోండి, ఆయన్నీ కూర్చోబెట్టండి. రోజంతా కంప్యూటర్ చూసిన కళ్ళకు కూడా ఇది కావాలి.

ఫోనుకు వేరే వేళ ఉంది. వేసవిలో మనకూ వాళ్ళకూ తొమ్మిదిన్నర గంటల తేడా. అక్కడ పొద్దున ఏడుంబావు అయితే ఇక్కడ సాయంత్రం పావు తక్కువ ఐదు. మీ అమ్మగారు మధ్యాహ్నం కునుకు తీసి, మేడ ఎక్కి నీళ్ళు పోసే వేళ. అక్కడ మొక్కలకు పొద్దునే, ఆకు తడవకుండా మొదలు దగ్గర నీళ్ళు పోయాలి. ఇద్దరూ వీడియోలో ఒకరికొకరు కనిపిస్తూ ఎవరి మొక్కలకు వాళ్ళు నీళ్ళు పోసుకోండి. ఊరికే ఫోను పట్టుకుని కూర్చుంటే అమ్మను చూసి ఏడుపు వస్తుంది. చేతిలో పని ఉంటే ఆకుకు పట్టిన పురుగు దగ్గర్నుంచి పక్కింటి కబుర్ల దాకా మాట నడుస్తుంది.

విశాఖలో మీరు ఎన్నడూ ఆలోచించని జాగ్రత్త ఒకటి ఉంది. జింకలు తిరిగే చోట గడ్డిలో పిడుదులు ఉంటాయి. లైమ్ వ్యాధి తెచ్చే పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది, మే నుంచి జూలై దాకా ఎక్కువ. పెరట్లోకి వెళ్ళేటప్పుడు పొడుగు ప్యాంటు, మేజోళ్ళు వేసుకోండి. లోపలికి వచ్చాక మోకాళ్ళ వెనుక, నడుము చుట్టూ, చెవుల వెనుక, జుట్టు మొదళ్ళలో చూసుకుని స్నానం చేయండి. పట్టుకుని ఉంటే చిన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగేయాలి. తర్వాత ఎర్రని మచ్చ పెరుగుతూ వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించుకోండి. కంచె పక్కన మూడేసి ఆకుల గుంపులతో పాకే పాయిజన్ ఐవీ కనిపిస్తే ముట్టుకోవద్దు, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. మన చామనఛాయ ఒంటికి ఎండ ఏం చేస్తుందిలే అనుకోకుండా ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోండి.

తోటపని తర్వాత ఆదివారం తలంటు పోసుకుంటే ఆ సుఖమే వేరు. నువ్వుల నూనె, సున్నిపిండి అక్కడా దొరుకుతాయి, కానీ అమ్మ చేతి సున్నిపిండి ఒక డబ్బా పట్టుకెళ్ళండి. పెసలు, పసుపు, కచ్చూరాల వాసనకు పరాయి ఇల్లు కాస్త మనిల్లవుతుంది. అక్కడ స్నానాల గది నేలకు నీళ్ళు పోయే తూము ఉండదు. పోసుకునేదంతా తొట్టిలోనే. నూనె కాలితో తొట్టిలో జారిపడతారు కాబట్టి అడుగున రబ్బరు చాప వేసుకోండి. జిడ్డును ముందు సున్నిపిండితో రుద్ది పాత గుడ్డతో తుడిచేస్తే గొట్టాలు పూడవు. ముఖ్యమైన మాట: నూనె తుడిచిన తువ్వాళ్ళను డ్రయర్‌లో వేయకండి. ఆ వేడికి నూనె బట్ట తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. వేణ్ణీళ్ళతో ఉతికి పెరట్లో తాడు మీద ఆరేయండి. తాడు కట్టడానికి కొన్ని కాలనీల్లో ఒప్పుకోరు, కుర్చీ వీపు మీద ఆరేసినా చాలు. తలంటు రోజున వేరే పని పెట్టుకోవద్దు. పప్పు, గోంగూర పచ్చడి వండుకుని, తిని, పడుకోండి.

కరివేప మొక్క ఒకటి అక్కడే కుండీలో కొనుక్కోండి. వేసవంతా బయట ఎండలో ఉంచి, సెప్టెంబరులో రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన 10 డిగ్రీలకు దిగకముందే ఇంట్లోకి తెచ్చేయాలి. శీతాకాలంలో ఆకు రాల్చినా చచ్చిపోయిందని పారేయకండి, నీళ్ళు తగ్గించి కిటికీ దగ్గర ఉంచితే మార్చిలో చిగురు వేస్తుంది.

మీ అమ్మగారికి వచ్చే ఏడాది టికెట్ తీసుకునేటప్పుడు చాలామందిలా ఏప్రిల్‌లో పిలిపించకండి. ఆ చలికి ఆవిడ ఇంట్లోనే ఉండిపోతారు. జూన్ నడిమికి రప్పించండి. తీగలు పాకే వేళకు వస్తారు, బీర, సొర కాపు చూస్తారు, అక్టోబరు చలికి ముందు తిరిగి వెళ్ళిపోతారు. మేడ మీద మొక్కలకు అన్నాళ్ళు నీళ్ళు పోసే మనిషిని మాత్రం ఇప్పుడే చూసి పెట్టమనండి.