ముందు ఆ పదకోశం తీసేయి

అమ్మాయీ,

వేరే గ్రహం మీద జరిగే నీ ఇంగ్లీషు నవల రాతప్రతి అందింది, చదివాను. కథ నడిపే నేర్పు నీకుంది, దాని సంగతి తరవాత మాట్లాడుకుందాం. ముందు నీ ఉత్తరంలోని ప్రశ్నకు జవాబు చెబుతాను. "షేక్‌స్పియర్ వందల మాటలు పుట్టించాడు కదా మాస్టారూ, నేను పుట్టిస్తే తప్పేమిటి?" అని అడిగావు.

తప్పేమీ లేదు. అయితే షేక్‌స్పియర్ లెక్కను మాత్రం కాస్త తగ్గించి నమ్ము. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం పాత పుస్తకాలు జల్లెడ పట్టినవారు ఆయన నాటకాలను చదివినంత శ్రద్ధగా ఆయన తోటివారివి చదవలేదు. అందుకే ఎన్నో మాటలకు తొలి ప్రయోగం ఆయన పేరు మీదే నమోదైంది. పాత ముద్రణలను కంప్యూటర్‌లో వెతికే వీలు వచ్చాక, వాటిలో చాలా మాటలు ఆయనకు ముందే వాడుకలో ఉన్నాయని బయటపడుతోంది. అయినా డబ్బిచ్చి నాటకం చూడవచ్చిన జనానికి బొత్తిగా అర్థం కాని మాటలు గుప్పిస్తే ఆయనకు పూట గడిచేదా?

ఆ కాలంలో కొత్త మాటల మీద పెద్ద రభసే జరిగింది. లాటిన్ నుంచి మాటలు ఎడాపెడా దింపుకొనేవారిని థామస్ విల్సన్ అనే పండితుడు 1553లోనే వెక్కిరించాడు. సర్ జాన్ చీక్ అనే మరో పండితుడు ఇంకో అడుగు ముందుకు వేసి, పిచ్చివాడికి లూనటిక్ అనే లాటిన్ మాట వద్దు, చంద్రుడి పేరు మీద మన సొంతంగా 'మూన్డ్' అందాం అన్నాడు. ఎవరూ అనలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం షేక్‌స్పియర్ కాలంవాడే అయిన బెన్ జాన్సన్ 1601 నాటి నాటకం 'పొయెటాస్టర్'లో ఉంది. రోమ్‌లో, అగస్టస్ చక్రవర్తి ఎదుట, క్రిస్పినస్ అనే కుకవి చేత హోరేస్ అనే మంచి కవి మాత్రలు మింగిస్తాడు. ఇక అతడు తన రాతల్లో వాడిన వింత మాటలను ఒక్కొక్కటిగా బేసిన్‌లోకి కక్కుతాడు. ఒకటి సగం వచ్చి గొంతులో ఇరుక్కుంటుంది, పక్కనున్నవాళ్లు కానీ కానీ అంటారు. జాన్ మార్‌స్టన్ అనే తోటి రచయితను ఏడిపించడానికి రాసిన రంగం అది. గ్లిబరీ, ఆబ్లాట్రంట్, ఫ్యూరిబండ్ లాంటివి ఆ బేసిన్‌లోనే పోయాయి. కానీ స్ట్రెన్యువస్, కాన్షస్, క్లమ్సీ, రెసిప్రోకల్, డిఫంక్ట్ కూడా అందులోనే పడ్డాయి! ఇవాళ ఇంగ్లీషు వచ్చిన ఎవరికీ అవి వింతగా తోచవు. జాన్సన్‌ది మామూలు చెవి కాదు, అయినా ఏది నిలుస్తుందో పసిగట్టలేకపోయాడు. ఫ్రెంచివారికి ఉన్నట్టు ఇంగ్లీషుకు మాటలను ఆమోదించే అకాడమీ ఏదీ లేదు. తీర్పు చెప్పేది వాడేవాళ్లే, అదీ రచయిత పోయాక ఏ కాలానికో.

ఇప్పుడు నీ నవల చివర ఉన్న పదకోశం దగ్గరికి వస్తాను. లూయిస్ కారోల్ తాను కల్పించిన మాటలతో రాసి 1871లో అచ్చువేసిన 'జాబర్‌వాకీ' పద్యం నువ్వు చదివే ఉంటావు. అందులో మొదటి చరణానికి హంప్టీ డంప్టీ చేత మాట మాటకూ అర్థం చెప్పించాడు. బ్రిలిగ్ అంటే సాయంత్రం నాలుగు గంటల వేళ, టోవ్ అంటే కొంత బల్లిలా ఉండే జంతువు, ఇలా. ఆ రెండూ ఆ పద్యం గడప దాటలేదు. లోకంలోకి వెళ్లి స్థిరపడినవి 'చార్టల్', 'గలంఫ్'. తమాషా ఏమిటంటే, ఈ రెండూ వచ్చేది తరవాతి చరణాల్లో, హంప్టీ డంప్టీ వాటి జోలికే పోలేదు. పిల్లవాడు రాక్షస జంతువు తల నరికి తిరిగి వస్తుంటాడు, తండ్రి సంతోషం పట్టలేక చార్టల్ చేస్తాడు. ఆ సందర్భంలో ఆ చప్పుడు ఎలాంటిదో ఎవరైనా చెప్పాలా? పైగా పద్యంలో చిన్న చిన్న మాటలన్నీ మామూలు ఇంగ్లీషువే, వాక్యం నడక కూడా మామూలుదే. అందువల్ల తెలియని మాట ఎదురైనా, అది పేరో పనో పాఠకుడికి తెలిసిపోతుంది. నీ మూడో అధ్యాయంలో ఒకే వాక్యంలో నాలుగు కొత్త మాటలున్నాయి. కొత్త చెప్పుల్లా కరుస్తున్నాయి. ఏది మనిషో ఏది వస్తువో తెలియక మాటిమాటికీ చివరి పేజీలు తిప్పాను.

జెలెట్ బర్జెస్ అనే అమెరికన్ హాస్యరచయిత ఉండేవాడు. 1907లో ఒక విందు కోసం తన పుస్తకం అట్ట మీద బెలిండా బ్లర్బ్ అనే అమ్మాయి బొమ్మ వేసి, పుస్తకాన్ని ఆకాశానికెత్తే నాలుగు మాటలు రాయించాడు. సరదాకి చేసిన పని. పుస్తకాల మీద ఉండే పొగడ్తలకు నేటికీ అదే పేరు. ఉత్సాహం పుట్టుకొచ్చి 1914లో తాను కల్పించిన మాటలతో ఏకంగా ఒక నిఘంటువే వేశాడు. బ్లర్బ్ తప్ప అందులో ఏవి బతికాయో నువ్వే వెతికి చూడు.

ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ సంగతి వేరు. తీవ్రతరం చేయడం అనే పనికి ఒకే క్రియ కావలసివచ్చింది. ఉన్న మాటలతో చెబితే వాక్యం విరిగిపోతోంది. 1817లో 'ఇంటెన్సిఫై' అని రాసి, ఇది నా చెవికే మోటుగా ఉందని అధోజ్ఞాపికలో ఒప్పుకున్నాడు. ఆ మోటు మాట లేకుండా ఇప్పుడు వాతావరణ వార్తలు చదవడం కష్టం. నీ నవలలో రొట్టెకు 'జెల్‌తార్' అని పేరు పెట్టావు. ఆ గ్రహం మీద వాళ్లు దాన్ని పిండితో చేసి, కాల్చి, తుంచుకుని తింటున్నారు. దాన్ని రొట్టె అనే రాస్తే చాలు.

అలాగని నీ మాటలన్నీ తీసేయమనడం లేదు. ఒక చంద్రుడు అస్తమించి రెండోది ఉదయించే దాకా ఉండే కాస్త చీకటిని 'హాఫ్‌డార్క్' అన్నావు. పడవవాడు "హాఫ్‌డార్క్ దాకా ఆగు, అప్పుడు దాటిద్దాం" అన్నప్పుడు నేను పదకోశం తిప్పలేదు. ఆ వేళకు మన భూమ్మీద పేరు లేదు, నీ కథకు అది కావాలి. చెక్ నాటకకర్త చపెక్ 'రోబో' కూడా ఇలాగే నిలబడింది. 1920 నాటి ఆ నాటకంలోని కృత్రిమ కార్మికులకు ఆ పేరు సూచించింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రోబొటా' అంటే వెట్టిచాకిరి. అక్కడి ప్రేక్షకుడికి ఆ మాటలో సగం ముందే తెలుసు.

ఇంకొకటి. మాట బయటికి వెళ్లాక అది నీ మాట వినదు. కవి మిల్టన్ 1667లో తన కావ్యంలో నరకంలోని రాజధానికి పాండెమోనియం అని పేరు పెట్టాడు, సమస్త భూతాల నిలయం అని. ఇప్పుడు పిల్లలు తరగతిలో గోల చేసినా అదే మాట. నీ హాఫ్‌డార్క్‌ను రేపు ఎవరైనా కరెంటు కోతకు వాడితే కోపం తెచ్చుకోకు, పార్టీ ఇవ్వు.

పదకోశం తీసేసి, మూడో అధ్యాయం తిరగరాసి పంపు. హాఫ్‌డార్క్ అలాగే ఉంచు. పడవవాడి పాత్ర కాస్త పెంచితే బాగుంటుంది, మధ్యలో ఎందుకు వదిలేశావు?

ఆశీస్సులతో,
మీ మాస్టారు