కరోనర్ విచారణ గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

బ్రిడ్జెట్ డ్రిస్కల్ మీద నువ్వు రాసింది చదివాను. ప్రమాదాన్ని బాగా పట్టుకున్నావు: 1896 ఆగస్టు 17, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణ, జనాన్ని ఎక్కించుకుని తిప్పి చూపిస్తున్న రోజర్-బెంజ్ కారు, కూతురితో వచ్చిన 44 ఏళ్ల ఇల్లాలు. బ్రిటన్‌లో కారు కింద పడి చనిపోయిన తొలి పాదచారి ఆమే. ఆ మరణంపై కరోనర్ (అసహజ మరణాలను విచారించే అధికారి) జరిపిన విచారణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోర్టు సీను రాసేశావు. అది మొత్తం తిరగరాయాలి.

డ్రైవరు ఆర్థర్ ఎడ్సాల్‌ను బోనెక్కించి, చివర్లో ‘నిర్దోషిగా విడుదల’ అన్నావు. కరోనర్ విచారణలో నిందితుడంటూ ఎవరూ ఉండరు. చనిపోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా? తేల్చాల్సింది ఇంతే. అలాగని ఎడ్సాల్ నిశ్చింతగా కూర్చున్నాడని రాయకు. అది నరహత్యేనని జ్యూరీ తేలిస్తే అతన్ని పైకోర్టు విచారణకు పంపే అధికారం అప్పట్లో కరోనర్‌కు ఉండేది. విచారణ దాదాపు ఆరు గంటలు సాగింది. ఆ ఆరు గంటల బరువు పాఠకుడికి తెలియాలంటే ఈ సంగతి ముందే చెప్పాలి.

మన పాఠకుడు శవ పంచనామాను ఊహించుకుంటాడు, పోలీసులు నలుగురు పెద్దమనుషుల ఎదుట రాసే కాగితాన్ని. అప్పట్లో అక్కడి పద్ధతి వేరని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు: 12 మందికి తక్కువ కాకుండా, 23 మందికి మించకుండా జ్యూరీ ప్రమాణం చేసి, శవాన్ని కళ్లారా చూసి, ఆ తర్వాత సాక్షులను వినేది.

అసలు సరుకంతా వేగం దగ్గరుంది. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. ఆ కారు గంటకు 8 మైళ్లు వెళ్లగలదు, దాన్ని 4కు కుదించి తిప్పుతున్నారు. తాను 4 మైళ్ల వేగంతోనే వెళ్లానన్నాడు ఎడ్సాల్. చూసిన పనిమనిషి ఒకామె మంచి గుర్రం దౌడు తీసినంత వేగమంది, అగ్నిమాపక బండిలా వచ్చిందంది. ఆ బండిని నువ్వు సైరన్ మోగే లారీగా రాశావు. 1896 నాటికి దాన్ని లాగేవి గుర్రాలే. ఇక లెక్క కట్టు. 4 మైళ్లంటే సెకనుకు 1.8 మీటర్లు, చురుగ్గా నడిచే మనిషి వేగం. గుర్రం దౌడు అంతకు ఆరేడు రెట్లు. కారుకు అది అసాధ్యం. అయినా ఆమెను అబద్ధాలకోరును చేయకు. గుర్రం లేకుండా కదిలే బండిని అప్పటికి చూసినవాళ్లే బహు తక్కువ. ఆమె దగ్గరున్న కొలబద్ద గుర్రం ఒక్కటే.

తర్వాత ఇంజిన్ బెల్టు, అంటే ఇంజిన్ శక్తిని చక్రాల వైపు చేరవేసే పట్టీ. ఎడ్సాల్ బెల్టును మార్చి వేగం పెంచాడని కారులో కూర్చున్న ఒకామె చెప్పింది. బండిని పరీక్షించిన మరో డ్రైవరు, ఉన్న బెల్టుతో అది నాలుగున్నర మైళ్లు దాటదన్నాడు. రెండు వాంగ్మూలాలనూ పక్కపక్కనే పెట్టు. ఎవరు ఎక్కడి నుంచి చూశారు, ఎప్పుడు చూశారు, ఎవరికి ఆ కారుతో సంబంధముంది అన్నది ముందు విడిగా కాగితం మీద రాసుకో. పరీక్ష జరిగింది ప్రమాదం తర్వాత కదా, ఆ సంగతి వదిలేస్తే పాఠకుణ్ణి ఒక పక్షానికి నెట్టినట్టే.

ఎడ్సాల్ కారు నడపడం మొదలుపెట్టి మూడు వారాలే. ‘లైసెన్సు లేకుండా’ అని రాశావు, నేరంలా వినిపిస్తోంది. అప్పటికి లైసెన్సులే లేవు. కారు ముందు ఎర్రజెండా పట్టుకుని నడిచే మనిషినీ తీసెయ్. ఆ జెండా నిబంధన 1878లోనే పోయింది. గరిష్ఠ వేగాన్ని 14 మైళ్లకు పెంచిన కొత్త చట్టానికి ఆమోదం దొరికింది ఆగస్టు 14న, అమల్లోకి వచ్చింది నవంబరు 14న. ఈ తేదీలను కలగాపులగం చేస్తే, కొత్త చట్టం ఇచ్చిన వేగమే ఆమెను చంపిందన్న తప్పుడు అర్థం వస్తుంది.

ఆ కాలపు కరోనర్ ఫైళ్లు చాలావరకు మిగల్లేదు, పత్రికలే దిక్కు. ఒకే వాంగ్మూలాన్ని కనీసం రెండు పత్రికల్లో చదువు. మాటలు తేడా వస్తే కొటేషన్ గుర్తులు తీసేసి, సారాంశం రాయి.

జ్యూరీ ‘ప్రమాదవశాత్తూ మరణం’ అంది. ఇలాంటిది మళ్లీ జరగకూడదన్న కరోనర్ మాటతో ముగించి, కింద నేటి రోడ్డు ప్రమాదాల లెక్క పెట్టావు. ఈ కథ రాసిన ప్రతివాడూ అదే చేస్తాడు, ఆమె ఆ లెక్కకు ముందుమాటగా మిగిలిపోతుంది. ఆ పేరా కొట్టెయ్. ఆ చోటు బెల్టు సాక్ష్యానికి ఇచ్చి, జ్యూరీ తీర్పు దగ్గర ఆపు. మార్చిన ప్రతి పంపించు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య