తులాంబెన్‌లో గేజ్ చూపిన అంకె

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

వచ్చే నెలలో నువ్వు బాలి వెళ్తున్నావనీ, తులాంబెన్ తీరంలో మునిగి ఉన్న ఓడ దగ్గర స్కూబా డైవింగ్ చేస్తావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. దానికి ఈ పిచ్చి ఎక్కించింది నువ్వేనంటూ నన్ను నాలుగు తిట్టి పెట్టేసింది. తిట్లు తింటున్నంతసేపూ గర్వంగానే ఉంది గానీ, ఆ తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఓడ సంగతి. పేరు లిబర్టీ కావడంతో, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వేలల్లో కట్టిన లిబర్టీ రకం ఓడల్లో ఇదొకటని అక్కడ ఎవరో ఒకరు నీకు చెబుతారు. నమ్మకు. ఇది 1918లో కట్టిన సరుకుల ఓడ. 1942 జనవరి 11న లొంబోక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొడితే, రెండు యుద్ధనౌకలు సింగరాజా రేవుకు లాక్కుపోదామని చూశాయి. నీళ్లు ఎక్కువైపోవడంతో అంతదూరం తీసుకుపోలేక తులాంబెన్ ఒడ్డునే మెరక ఎక్కించారు. ఇరవయ్యొక్కేళ్లు అక్కడే తుప్పు పట్టిన ఓడ, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రంలోకి జారిపోయింది. ఇప్పుడు ఒడ్డుకు నలభై మీటర్ల లోపే, ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. పై అంచు అయిదు మీటర్ల లోతులోనే దొరుకుతుంది, అడుగు దాదాపు ముప్పై మీటర్లకు పోతుంది. అందరూ ఆ అయిదే పట్టుకుని ఇది పిల్లల ఆట అంటారు. నీ సర్టిఫికెట్ పద్దెనిమిది మీటర్లకేనని నువ్వు మాత్రం మరిచిపోకు.

తెల్లవారుతూనే దిగు. పొద్దెక్కితే దక్షిణ బాలి నుంచి వ్యాన్ల నిండా జనం వస్తారు. పైగా నుదుట బుడిపె ఉన్న పెద్ద చిలుకచేపలు గుంపుగా కనబడేది ఆ వేళలోనే, అవి పగడాన్ని కొరుకుతుంటే ఆ చప్పుడు నీళ్లలో కూడా వినిపిస్తుంది. ఒడ్డంతా నల్లటి గుండ్రాళ్లు, కాలు నిలవదు. గాలి సిలిండర్లను అక్కడి ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని ఆ రాళ్ల మీద నడిచిపోతుంటే చూసి నువ్వు పౌరుషానికి పోవద్దు. ఫిన్లు, అదే కాళ్లకు తొడిగే ఈత రెక్కలు, నడుం లోతు నీళ్లలోకి వెళ్లాకే తొడుక్కో. చెవుల్లో ఒత్తిడిని నొప్పి పుట్టకముందే సర్దుకో, జలుబు చేస్తే ఆ రోజుకు మానెయ్యి. దేన్నీ ముట్టుకోకు. తుప్పు రేకు ఏదో, దాని మీద రాయిలా కూర్చున్న విషపు చేప ఏదో పోల్చుకోవడం నాకే ఇప్పటికీ కష్టం. బొటనవేలు ఎత్తితే నీళ్లలో 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని అర్థం.

ఇక నేను నిజంగా చెప్పదలచుకున్నది, ఇంతవరకు మీ అత్తయ్యకు కూడా చెప్పనిది.

అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. ఇరవై ఏళ్లకు పైగా ఓడల ఇంజన్ గదుల్లో గేజ్‌లు చూసుకుంటూ బతికినవాణ్ని. అంకె తప్పు రాసినందుకు కుర్ర ఇంజనీర్ల చేత రాత్రంతా మళ్లీ వాచ్ చేయించినవాణ్ని. తులాంబెన్‌లో ఆ రోజు నాతో ఇద్దరు పాతికేళ్ల కుర్రాళ్లు, ఒక స్థానిక గైడ్ ఉన్నారు. ఇరవై రెండు మీటర్ల లోతులో గైడ్ వెనక్కి తిరిగి, గాలి ఎంత ఉందని సైగ చేశాడు. సిలిండర్‌లో మిగిలిన గాలి ఒత్తిడిని బార్‌లలో చెబుతారు; కుర్రాళ్లిద్దరూ నూట ముప్పై చూపించారు. నా గేజ్‌లో ముల్లు డెబ్బై మీద ఉంది. నేను వేళ్లతో వంద చూపించాను.

ఎందుకంటావా? సిగ్గు. ముసలాయన వల్ల అందరూ త్వరగా పైకి పోవలసి వచ్చిందని అనుకుంటారేమోనన్న సిగ్గు. ఆ లోతులో ఒత్తిడి పైనున్నదానికి మూడింతలు దాటుతుంది, కాబట్టి ఒక్కొక్క ఊపిరి మూడు ఊపిరుల గాలిని తినేస్తుంది. ఈ లెక్క తెలియక కాదు, తెలిసే చేశాను. అబద్ధం ఆడాక గుండె దడకు ఊపిరి ఇంకా వేగం అందుకుంది. తిరుగుదారిలో పన్నెండు మీటర్ల దగ్గర ముల్లు ఇరవైకి దిగింది, గాలి గొంతులోకి లాగడం బరువైంది. అప్పుడు పిడికిలి ఛాతీకి ఆనించి, గాలి తగ్గిపోయిందని సైగ చేశాను. గైడ్ తన సిలిండర్ నుంచి గాలి పీల్చుకునే అదనపు రెగ్యులేటర్ నా నోట్లో పెట్టి, నా జాకెట్ పట్టీ గట్టిగా పట్టుకుని, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపి మరీ పైకి తెచ్చాడు. ఒక్క మాట అనలేదు. ఒడ్డున నా ఫిన్లు విప్పడానికి వంగినప్పుడు అతని గేజ్ నా కళ్ల ముందు వేలాడింది. ముప్పై లోపే ఉంది. నా అబద్ధం అతని గాలిని కూడా తినేసింది.

ఇది నీకే ఎందుకు చెబుతున్నానంటే, ఏడేళ్ల వయసులో అరకు రైల్లో నేను నీ చేత సొరంగాలు లెక్కపెట్టిస్తుంటే, కడుపులో తిప్పుతున్నా నా సరదా చెడుతుందని నోరు మెదపక, చివరికి నా చొక్కా నిండా వాంతి చేసుకున్నావు. చొక్కా పోతే పోయింది గానీ, "ముందే చెప్పొచ్చు కదే" అని నిన్ను కసిరినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నీ స్వభావం మారలేదు. పెళ్లిళ్లలో మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడతావు. అక్కడ మాత్రం పడకు తల్లీ. సగం అయిందంటే సగం అని చూపించు, ఎవరి డైవ్ పాడైనా సరే.

ఇంకొకటి. డైవ్ చేసిన రోజు కింతామణి మీదుగా ఉబుద్‌కు పోదామని డ్రైవర్ అంటే ఒప్పుకోకు, ఆ దారి సుమారు పదిహేను వందల మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. లోతులో ఒంట్లో చేరిన నత్రజని, వెంటనే ఎత్తుకు పోతే బుడగలు కట్టి ప్రమాదం తెస్తుంది; దానికి కొండ కూడా విమానం లాంటిదే. తీరం వెంట ఉన్న రోడ్డునే రా. విమానం ఎక్కేముందు కనీసం పద్దెనిమిది గంటలు ఆగు.

మీ అమ్మకు నేను సర్దిచెబుతాను. నువ్వు పైకి వచ్చాక ముందు గేజ్ ఫోటో తీసి నాకు పంపు, చేపల ఫోటోలు తర్వాత.

మీ మావయ్య