హ్మోంగా, కొరియనా? ఒక అమ్మ ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మేం మిన్నెసోటాలో, సెయింట్ పాల్ పక్కన వుడ్‌బరీలో ఉంటాం. మా అమ్మాయి ఈ ఫాల్‌లో యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాలో సైకాలజీ బీఏలో చేరుతోంది. తర్వాత నర్సింగ్ చెయ్యాలని తన ఆలోచన. డిగ్రీకి రెండో భాష నాలుగు సెమిస్టర్లు కావాలట. మేం కొరియన్ తీసుకోమంటున్నాం. డ్రామాలు చూసి ఇప్పటికే కొంత పట్టేసింది కూడా. తనేమో హ్మోంగ్ అంటోంది. వేసవిలో ఒక నర్సింగ్ హోమ్‌లో వాలంటీర్‌గా వెళ్లింది, అక్కడ హ్మోంగ్ పెద్దవాళ్లని చూసి వచ్చినప్పటి నుంచీ ఇదే పట్టు. ఎవరూ వినని భాష నేర్చుకుంటే రేపు ఉద్యోగానికి ఏం పనికొస్తుందండీ? రెండిట్లో ఏది తేలికో, ఏది మేలో చెప్పగలరు.

జవాబు:

అమ్మా, "ఎవరూ వినని భాష" అన్నారే, ముందు ఆ మాట దగ్గరే ఆగుదాం. ఇండియాలో ఎవరూ వినకపోవచ్చు. మీరున్న చోట మాత్రం అది పక్కింటి భాష. అమెరికాలో మూడు లక్షల మందికి పైగా హ్మోంగ్ వాళ్లుంటే, అందులో దగ్గరదగ్గర లక్ష మంది మిన్నెసోటాలోనే ఉన్నారు, ఎక్కువమంది సెయింట్ పాల్ చుట్టుపక్కలే. వీళ్లు లావోస్ కొండ ప్రాంతాల నుంచి వచ్చిన ఒక జాతి. అక్కడ అమెరికా నడిపిన రహస్య యుద్ధంలో అమెరికా పక్షాన పోరాడారు. 1975లో ఆ పక్షం ఓడిపోయాక మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాలకి, అక్కణ్ణించి ఇక్కడికి వచ్చారు. 2004లో కూడా ఒక పెద్ద గుంపు వచ్చింది. 2002లోనే మీ మువా (Mee Moua) అనే హ్మోంగ్ మహిళ మిన్నెసోటా సెనేట్‌కి ఎన్నికైంది. 2021 ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ బంగారు పతకం గెలిచిన సునీ లీ కూడా సెయింట్ పాల్ పిల్లే.

ఇక ఏది తేలిక అన్నారు. వాక్యం కట్టడంలో కొరియన్ మనకి చుట్టం లాంటిది. "నానున్ పాబుల్ మొగొయొ" అంటే "నేను అన్నం తింటాను". నేను, అన్నం, తినడం, అదే వరస. మన "ని, కి, లో" లాగా వాళ్లకీ మాట చివర ప్రత్యయాలు అతుక్కుంటాయి. క్రియ చివర్లో మర్యాద తెలుస్తుంది. చిన్నవాళ్లని "వా" అంటారు, పెద్దవాళ్లని "ఒసెయొ" అంటారు, సరిగ్గా మన "రా", "రండి" లాగా. అమెరికన్ పిల్లలు ఈ మర్యాదల దగ్గర నెలల తరబడి తికమకపడతారు. తాతగారితో ఎలా మాట్లాడాలో ఇంట్లో నేర్చుకున్న మీ అమ్మాయికి ఆ తేడా చెప్పక్కర్లేదు. లిపి కూడా భయపెట్టేది కాదు. సెజోంగ్ రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రకటించిన హంగుల్ లిపిలో ఇప్పుడు వాడే మూలాక్షరాలు ఇరవై నాలుగే. గుణింతాలు నేర్చుకున్న వాళ్లకి రెండు వారాలు చాలు. చిక్కంతా చెవి దగ్గర వస్తుంది. చందమామ, కూతురు, ముసుగు, వీటికి కొరియన్‌లో వాడే మూడు మాటల మధ్య తేడా మొదటి హల్లులోనే ఉంటుంది: మామూలు త, గట్టిగా నొక్కిన త, ఊపిరి వదిలే థ.

హ్మోంగ్‌ది వేరే లోకం. "నేను అన్నం తింటాను" అనడానికి "కు నో మో" అంటారు. కు అంటే నేను, నో అంటే తిను, మో అంటే అన్నం. క్రియ మధ్యలో వస్తుంది, ఇంగ్లీషులోలాగా. నేను తిన్నా, నువ్వు తిన్నా, ఆవిడ తిన్నా "నో" మారదు. వ్యాకరణం పుస్తకం పల్చగానే ఉంటుంది. బరువంతా గొంతు మీద, స్వరాల మీద ఉంటుంది. "పో" అనే ఒక్క అక్షరాన్ని చూడండి. పైస్థాయిలో నిలిపి అంటే బంతి. పై నుంచి జారిస్తే ఆడ అని అర్థం. మధ్య నుంచి పైకి లేపితే విసరడం. మధ్యలో ఉంచితే ప్లీహం. కిందిస్థాయిలో అంటే ముల్లు. గాలి కలిపి అంటే నాన్నమ్మ. కింద పట్టి గొంతు బిగిస్తే చూడటం. ముల్లు గుచ్చుకుందని చెప్పబోయి నాన్నమ్మ గుచ్చుకుందని చెప్పే ప్రమాదం నిజంగానే ఉంది.

రాత కూడా మొదట విచిత్రంగా కనిపిస్తుంది. 1950ల మొదట్లో లావోస్‌లో మిషనరీలు తయారుచేసిన రోమన్ లిపి అది. మాట చివర రాసే బి, ఎమ్, ఎస్, జి లాంటి అక్షరాలు పలకడానికి కాదు, స్వరం చెప్పడానికి. అది తెలియక చదివేవాళ్లు ప్రతి మాటకీ లేని హల్లు తగిలిస్తారు. ఇక్కడ మనకి ఒక లాభం కూడా ఉంది. ఆ లిపిలో ఆర్ అని రాసింది మన "ట". తెల్లపిల్లలు నాలుక మడవలేక అవస్థ పడే ఆ శబ్దం మీ అమ్మాయికి నోట్లోనే ఉంది. "పంది"లోని "ంద" లాంటి శబ్దాలు అందులో మాట మొదట్లోనే వస్తాయి, అవీ మనకి కొత్త కాదు. ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు అని మనం వేరు చేసినట్టు, హ్మోంగ్‌లో ప్రాణులకి ఒక మాట, గుండ్రటి వాటికి ఒకటి, పల్చటి వాటికి ఇంకొకటి లెక్కతో పాటు పెట్టాలి.

కాబట్టి తేలిక అనే లెక్కలో చూస్తే కొరియనే. మంచి పుస్తకాలు, యాప్‌లు, డ్రామాలు అన్నీ దానికే ఉన్నాయి. అయినా మీ అమ్మాయిని హ్మోంగ్ తీసుకోనివ్వండి అంటాను. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మా అత్తగారిని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. మా పక్క కుర్చీలో ఒక హ్మోంగ్ ముసలావిడ, పక్కన పదకొండు పన్నెండేళ్ల మనవడు. ఇంటర్‌ప్రెటర్ రావడం ఆలస్యమైనట్టుంది, నర్సు ఆ పిల్లాణ్ణే అడగడం మొదలుపెట్టింది. నాన్నమ్మ ఏదో చాలాసేపు చెప్పింది. వాడు కాసేపు ఆలోచించి, "లివర్ బాగాలేదంట" అన్నాడు. నర్సు రాసుకుంది. అప్పుడు నాకేం అర్థం కాలేదు. తర్వాత ఒక హ్మోంగ్ స్నేహితురాలు చెప్పింది, వాళ్ల భాషలో మనసు ఉండేది లివర్‌లోనని. "షియా" అంటే లివర్. సంతోషమంటే లివర్ బాగుండటం, బాధపడటమంటే లివర్ తెగడం, దిగులంటే లివర్ కష్టంలో ఉండటం. మనం గుండె బరువెక్కింది, కడుపు తరుక్కుపోయింది అంటాం చూడండి, అలాగే. ఆ ముసలావిడ ఏ అర్థంలో చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకవేళ దిగులు గురించే అయితే, ఆమెకి రాసిన పరీక్షలు వేరేవి అయి ఉంటాయి.

మీ అమ్మాయి చదవబోయేది సైకాలజీ, చెయ్యబోయేది నర్సింగ్. ఆ కుర్చీలో కూర్చునే మనిషే రేపు తన పేషెంట్.

అయితే ఒక విషయం మీ ఇద్దరికీ గట్టిగా చెప్పాలి. నాలుగు సెమిస్టర్లు చదివి హ్మోంగ్ ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం చేద్దామనుకుంటే కుదరదు. ఆ ఉద్యోగాల్లో ఇంట్లో ఆ భాషే మాట్లాడి పెరిగిన పిల్లలుంటారు, ఉండాలి కూడా. పైగా జాతీయస్థాయి మెడికల్ ఇంటర్‌ప్రెటర్ బోర్డుల్లో ఒకటి కొరియన్‌కి మౌఖిక పరీక్ష పెడుతుంది, హ్మోంగ్‌కి ఆ పరీక్ష లేదు. అన్ని భాషలవాళ్లకీ కలిపి ఇచ్చే సర్టిఫికెట్లతోనే హ్మోంగ్ వాళ్లు సరిపెట్టుకుంటారు. భాషే వృత్తి కావాలనుకుంటే కొరియన్ వైపు దారులు ఎక్కువ. హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో ఉన్న విద్యార్థి ఇదే ప్రశ్న అడిగితే కళ్లు మూసుకుని కొరియన్ అనేదాన్ని. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది, శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ ఉంది. చదవడానికి హైదరాబాద్‌లో ఇఫ్లూ, ఢిల్లీలో జేఎన్‌యూ ఉన్నాయి. అక్కడి పిల్లలు టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో ఆరు స్థాయిలకి కనీసం నాలుగో స్థాయి దాకా వెళ్లేలా ప్లాన్ చేసుకోవాలి.

మీ అమ్మాయికి భాష వృత్తి కాదు, వృత్తికి తోడు. నర్సు సంతకం పెట్టించేటప్పుడు, మందు మోతాదు చెప్పేటప్పుడు ఇంటర్‌ప్రెటర్ ఉండాల్సిందే, తనకి ఎంత హ్మోంగ్ వచ్చినా సరే. అరకొర భాషతో వైద్యం చెప్పకూడదు. కానీ రాత్రి రెండింటికి ఇంటర్‌ప్రెటర్ ఫోన్ పెట్టేశాక, నిద్రపట్టని ఆవిడ "షియా" అన్నప్పుడు తను గుర్తుపడుతుంది. గుర్తుపట్టి మళ్లీ ఫోన్ చేయిస్తుంది. సెయింట్ పాల్ ప్రాంతంలో నర్సుగా ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఆ ఒక్క లైను రెజ్యూమేలో నిలబడుతుంది.

రిజిస్ట్రేషన్‌కి ముందు రెండు పనులు చెయ్యండి. డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి, మొదటి సెమిస్టర్ క్లాసు ఇంట్లో హ్మోంగ్ రాని పిల్లలకి సరిపోతుందా, తెల్ల హ్మోంగ్, ఆకుపచ్చ హ్మోంగ్ మాండలికాల్లో ఏది నేర్పుతారో అడగమనండి. నర్సింగ్ హోమ్‌లో తను కలిసిన పెద్దవాళ్లు రెండోది మాట్లాడేవాళ్లైతే ముందే తెలుసుకోవడం మంచిది. వచ్చే శనివారం మీరిద్దరూ కోమో అవెన్యూలో హ్మోంగ్‌టౌన్ మార్కెట్‌కి వెళ్లండి. మెంతులూ గోంగూరా కోసం మీరు ఎంత వెతుకుతారో, వాళ్ల ఆకుకూరలు కొనడానికి అక్కడి ముసలమ్మలూ అంత వెతుకుతారు. మీ అమ్మాయిని ఒకావిడతో "కో నో మో" (కో అంటే నువ్వు) అని మొదలుపెట్టి పలకరించమనండి. అన్నం తిన్నావా అని అడగడమే వాళ్ల పలకరింపు. స్వరం తప్పితే ఆవిడే దిద్దుతుంది. మీరు పక్కనే నిలబడి వినండి.