వేటపాలెం సారస్వత నికేతనం గురించి నాకు తెలిసింది

అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నప్పుడు చిన్న ఊళ్లో లైబ్రరీ ఇంకా ఎందుకు అని అడిగారు కదా. మాది చీరాల. పక్కనే వేటపాలెంలో ఉన్న సారస్వత నికేతనానికి చదువుకునే రోజుల నుంచీ వెళ్తున్నాను, ఆ అనుభవంతో చెప్తాను.

వేటపాలెం అంటే చాలామందికి జీడిపప్పు, చేనేత మగ్గాలు గుర్తొస్తాయి. అలాంటి ఊళ్లో 1918లోనే హిందూ యువజన సంఘం వాళ్లు ఈ గ్రంథాలయం మొదలుపెట్టారు. దాన్ని నిలబెట్టడానికి వి.వి.శ్రేష్ఠి గారు చాలా కష్టపడ్డారు. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు దాన్నే చూపించమంటారు. నన్నడిగితే మాత్రం అంతకంటే విలువైనవి అక్కడి పాత పత్రికలు.

పుస్తకమైతే ఇంకోచోట వెతుక్కోవచ్చు, పాత దినపత్రిక అలా దొరకదు. మన ఇళ్లల్లో పేపర్ మర్నాటికి అల్మారాలో పరుస్తాం, నెలాఖరుకి తూకానికి వేస్తాం. వీళ్లు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటివాటిని తరాల తరబడి దాచారు. చీరాల-పేరాల ఉద్యమం గురించి రాసుకుందామని ఒకసారి ఆ కాలపు పత్రికలు తీయించుకున్నాను. 1921లో మున్సిపాలిటీ పన్నుల భారం మోయలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఊరొదిలి, ఊరి బయట రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్న చోట పాకలు వేసుకున్నారు. బడిలో ఇదంతా రెండు లైన్ల పాఠం. పేపర్లో చూస్తే అది ఇంకా తేలని గొడవ, రేపేం జరుగుతుందో రాసినవాళ్లకీ తెలీదు. చదువుతుంటే మా ముత్తాతల టెన్షన్ నాకూ పట్టుకుంది. కాగితం అంచులు ముట్టుకుంటే పొడి రాలుతోంది. వేలు తడి చేసి తిప్పకూడదని, పేజీ కింద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా ఎత్తాలని లైబ్రేరియన్ గారు పక్కన నిలబడి చూపించారు. ఇలాంటివాటి కోసమే పరిశోధకులు విదేశాల నుంచి కూడా ఈ ఊరు వెతుక్కుంటూ వస్తారు.

ఇక మామూలు రోజుల్లో పొద్దున్నే పేపర్ల కోసం పెద్దవాళ్లు, గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునే పిల్లలు కనిపిస్తారు. ఒకే గదిలో మగ్గం, టీవీ, వంట అన్నీ నడిచే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి ఎవరూ కదిలించని ఒక కుర్చీ, బల్ల దొరకడం చిన్న విషయం కాదండీ. ఫోన్‌లో పుస్తకం దొరుకుతుంది గానీ ఆ చోటు దొరకదు.

మీ ఊళ్లో జిల్లా గ్రంథాలయ సంస్థ నడిపే శాఖా గ్రంథాలయం ఉంటే మీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మీరు కడుతూనే ఉన్నారు. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ వసూలు చేసిన ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ కావాలి. చాలాచోట్ల బకాయిలు పేరుకుపోతున్నాయి. మీ ఊరిది ఎంతవరకు జమైందో సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టి అడగండి. ఇంట్లో తాతల నాటి పత్రికలు, పంచాంగాలు ఉంటే పాతపేపర్లవాడికి వేసేముందు ఒక్కసారి లైబ్రేరియన్‌కి చూపించండి.