ఉప్పుటేట్లో బతికే చేప అక్వేరియంలో ఎందుకు పోతోంది?

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర ఊరు. నాలుగెకరాల్లో వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. మా అమ్మాయి సరదా పడిందని ఉప్పుటేట్లో చేతివలతో పట్టిన చిన్న చేపల్ని మూడడుగుల అక్వేరియంలో వేశాను. బోరు నీళ్ళలో కల్లుప్పు కలిపి, సాలినిటీ (నీటిలో ఉప్పు మోతాదు) ఏటి నీటికి సరిపెట్టాను. నీటికి గాలి అందించే ఏరేటర్ ఉంది, అమ్మోనియాను పట్టుకునే జియోలైట్ ఖనిజం కూడా వేశాను. అయినా రెండుసార్లూ నాలుగైదు రోజులకే పైకి తేలి, నోళ్ళు తెరుచుకుంటూ చనిపోయాయి. లోపం ఎక్కడ? ఏ చేపలు పెంచుకోవచ్చు?

జవాబు: సాలినిటీ చూసే వేశారు కాబట్టి ఉప్పు హెచ్చుతగ్గుల వల్ల పోయి ఉండవు. పోటుకు ఒక ఉప్పు, పాటుకు ఒక ఉప్పు, గోదావరికి వరదొస్తే దాదాపు మంచినీళ్ళు. ఏటి చేపకు ఇదంతా అలవాటే. అలవాటు లేనిది తను విసర్జించిన అమ్మోనియా విషంలోనే తిరగడం. ఏట్లో దాన్ని పోటుపాట్లు రోజూ కడిగేస్తాయి. మీ తొట్టెలో అది ఎక్కడికీ పోదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా మొదటి అనుమానం దానిమీదే. చెరువు నీళ్ళు చూపించే ల్యాబ్‌లోనే తొట్టె నీళ్ళకూ అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూపించండి.

జియోలైట్ మీద ఆశ పెట్టుకోకండి. ఉప్పునీటిలో ఉన్న సోడియమే దాన్ని ముందుగా ఆక్రమిస్తుంది, అమ్మోనియాకు చోటు మిగలదు. చెరువుకు వాడే బాసిల్లస్ ప్రోబయోటిక్ (మేలుచేసే బాక్టీరియా మందు) కూడా ఈ పని చేయదు. కావలసింది అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా. అది ఫిల్టర్ స్పాంజిలో నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే చేపలు లేకుండానే ఫిల్టర్ నడిపి, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి, అది కుళ్ళి వదిలే అమ్మోనియాయే ఆ బాక్టీరియాకు ఆహారం. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి తిరిగి సున్నాకు రావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మాయికి ఈ ఆలస్యం కష్టంగానే ఉంటుంది, కానీ దీనికి దగ్గర దారి లేదు. తర్వాత కూడా స్పాంజిని కుళాయి నీళ్ళతో కడగొద్దు, తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

కల్లుప్పులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడే. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం సరిపోకపోతే రొయ్య దెబ్బతింటుందని మీకు తెలుసు, చేపకూ అంతే. అక్వేరియం షాపుల్లో దొరికే కృత్రిమ సముద్రపు ఉప్పు వాడండి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టెలో సుమారు 190 లీటర్లు పడతాయి. 15 పీపీటీకి (లీటరుకు సుమారు 15 గ్రాముల ఉప్పు) దాదాపు మూడు కిలోలు చాలు.

ఇక వేసవి సంగతి. నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి. చదువుకునే రోజుల్లో నేను ఉప్పునీళ్ళే పోస్తూ వచ్చి, మే నెలలో తొట్టెడు చేపల్ని పోగొట్టుకున్నాను. ఇప్పటికీ ఆ బాధ పోలేదు. పైగా నీరు వేడెక్కేకొద్దీ, ఉప్పెక్కేకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది.

చేపల్లో పెర్ల్‌స్పాట్ పిల్లలు మంచి ఎంపిక. నాచు తింటాయి, ఉడికించిన పాలకూరా తింటాయి. ఒంట్లోని ఎముకలు పైకి కనిపించే ఆంబాసిస్ చిన్న చేపలు గుంపుగా ఉంటే చూడముచ్చటగా ఉంటాయి. కానీ వలలో నలిగితే బతకవు, కప్పుతో నీళ్ళతో సహా ఎత్తండి. నల్లచుక్కల స్కాట్ చేప పిల్ల రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు ముద్దొస్తుంది గానీ, అడుగు దాకా పెరుగుతుంది, వీపు ముళ్ళు గుచ్చుకుంటే సలుపుతుంది. పండుగప్ప పిల్ల ఒక్కటి చేరినా చిన్నవన్నీ దాని కడుపులోకే. సముద్ర గుర్రం వలలో పడితే వెంటనే వదిలేయండి, వన్యప్రాణి చట్టం కింద అది రక్షిత జీవి.

పట్టిన చేపల్ని నేరుగా తొట్టెలో వేయకుండా, మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి తెల్లచుక్కలు, మొప్పల దగ్గర పేలు ఉన్నాయేమో గమనించండి. ఆ టబ్బుకూ బాక్టీరియా పెరిగిన స్పాంజి ఉండాలి, లేకపోతే అమ్మోనియా సమస్య అక్కడే మొదలవుతుంది.

మీది వనామీ చెరువు కనుక ఇంకో మాట. ఏటి పీతల్ని, రొయ్యల్ని తొట్టెలో వేయకండి, అవి రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ మోసుకురావచ్చు. ఏట్లో వాడిన వల చెరువులో దించకండి. తొట్టెలోంచి తీసిన నీళ్ళను బ్లీచింగ్ వేసి, చెరువుకూ కాలవకూ దూరంగా నేలలో పారబోయండి.